రాయి దగ్గర మొదలుపెట్టండి: గరుకు పొరలతో నైరూప్య చిత్రం వేసే పద్ధతి

పోర్ట్రెయిట్ ఆర్డర్లు వేస్తూ తొమ్మిదేళ్లు గడిపాక, ఒక వేసవిలో నాకు కుంచె ముట్టుకోబుద్ధి కాలేదు. ఫోటో చూసి వేయడం, వాట్సాప్‌లో పంపడం, ముక్కు ఇంకాస్త సన్నంగా కావాలంటే సరిచేయడం. చేయి దాని పని అది చేసుకుపోతోంది, నేను మాత్రం అందులో లేను. డాక్టరు రోజూ నడవమంటే హైదరాబాద్‌లో మా కాలనీ వెనక గుట్ట మీదకి పొద్దున్నే వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ ఒక పెద్ద రాతి గుండు ఉంది. పదిహేను రోజులు దాని పక్కనుంచే నడిచాను, ఒక్కసారీ చూడలేదు. ఒకరోజు చెప్పులో రాయి గుచ్చుకుంటే ఆగి, ఆ గుండుకి చేయి ఆనించాను. ఎండ పడ్డ వైపు గోరువెచ్చగా ఉంది. జానెడు పక్కకి, నీడలో, చల్లగా ఉంది. వేళ్ల కింద ఒకచోట ఇసక రాలింది, ఇంకోచోట పెచ్చు కదిలింది. ఇంటికెళ్లి ఆ రోజే పాత ప్లైవుడ్ ముక్క మీద లప్పం రాసి గోటితో గీరాను. నా పని మళ్లీ అక్కడ మొదలైంది.

అప్పటినుంచి నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నైరూప్య చిత్రం అంటే దేని పోలికా లేని బొమ్మ. మొత్తానికి నేను నమ్మేది ఒక్కటే. రాయి బొమ్మ వేయకండి. రాయికి ఎండా వానా గాలీ ఏం చేశాయో, మీ బోర్డుకి మీరు అది చేయండి. పొర మీద పొర వేయండి, పగలనివ్వండి, నీళ్లు కారనివ్వండి, అరగదీయండి. పోలిక కోసం పాకులాట పోతే చేతికి కొత్త పని దొరుకుతుంది. బొమ్మలు వేసి వేసి విసిగిపోయినవాళ్లకి కావాల్సింది అదే.

దీనికి సుమారు నెల రోజులు పెట్టుకోండి. రోజుకి గంట చాలు. అసలెప్పుడూ బొమ్మలు వేయనివాళ్లు కూడా చేయొచ్చు.

మొదటి వారం: ఒకే చోటు

ఒక్క చోటు ఎంచుకుని వారం రోజులు అక్కడికే వెళ్లండి. రోజుకో చోటు వద్దు.

హైదరాబాద్‌లో ఉంటే మీ అదృష్టం. ఇక్కడి గ్రానైట్ సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఖాజాగూడ, మౌలాలి, గోల్కొండ, దుర్గం చెరువు చుట్టుపక్కల ఎక్కడ చూసినా గుండ్లే. ఇళ్ల కోసం ఇన్ని రాళ్లని పేల్చేశాక కూడా ఇన్ని మిగిలాయంటే, 1996 నుంచి వీటిని కాపాడటానికి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లకి మనం దండం పెట్టుకోవాలి. విశాఖ వాళ్లకి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. అక్కడి ఎరుపంతా ఇసక రేణువులకి పట్టిన ఇనుప ఆక్సైడ్‌దే. కడప వైపు వాళ్లకి గండికోట దగ్గర పెన్నా కోసిన లోయ గోడలున్నాయి. గోదావరి ఒడ్డున ఉంటే వేసవిలో బయటపడే ఇసక తిన్నెలు చాలు. ఇవేవీ దగ్గర్లో లేకపోతే ఎండిన చెరువు అడుగు, నల్లరేగడి చేలో నెర్రెలు, వీధి చివర వేపచెట్టు బెరడు, ఊళ్లో పెచ్చులూడిన గార గోడ. ఏదైనా సరే. చేత్తో తాకగలిగేది కావాలి, అంతే.

ప్రకృతి అంటే పచ్చదనమే కానక్కర్లేదు కూడా. ఖమ్మం జిల్లా మధిరలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డ చిత్రకారుడు సూర్యప్రకాశ్ తొలిరోజుల్లో తుక్కు కింద పడేసిన కార్లని, వాటి తుప్పుని వేశారు. తామర కొలనులు, ఆకులు, నీళ్ల మీద వెలుగు ఆ తర్వాత వచ్చాయి. ఆలోచిస్తే రెండూ దూరమైనవి కావు. ఇనుము మీద గాలీ నీరూ చేసే పనే కదా తుప్పు.

ఒకే చోటు అని పట్టుబట్టడానికి నాకు ఇంకో కారణం ఉంది. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో, నర్మద అడవుల దగ్గర పెరిగారు. చిన్నప్పుడు బడిలో చదువు మీద ధ్యాస నిలవకపోతే, వాళ్ల మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. 1950లో పారిస్ వెళ్లి అక్కడ పేరు తెచ్చుకున్నాక, డెబ్భైల్లో ఆయనకి తన బొమ్మల మీద తనకే తృప్తి లేకుండా పోయింది. అప్పుడు మన దేశానికి మళ్లీ మళ్లీ వచ్చి తిరిగారు, ఆ అడవుల జ్ఞాపకాల్లోకి వెళ్లారు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే బిందువు అలా బయటికొచ్చింది. వారం రోజులు ఒకే రాయి దగ్గర కూర్చోమంటే విసుగ్గా అనిపిస్తే ఆ గోడ మీది చుక్కని తలచుకోండి.

సూర్యోదయం నుంచి గంట, లేదా సాయంత్రం చివరి గంట వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితే ప్రతి బొడిపెకీ నీడ ఉంటుంది, ప్రతి గీత లోతూ తెలుస్తుంది. మధ్యాహ్నం వెళ్తే అదే రాయి చదునుగా, తెల్లగా కనిపిస్తుంది. పొదల్లో చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి. పెద్ద గుండ్ల కింద కొండ తేనెపట్లు ఉంటాయి, తల పైకెత్తి చూసుకుని కూర్చోండి.

మొదటి రెండు రోజులు ఫోన్ జేబులోనే ఉండాలి. మూడో రోజు నుంచి కూడా ఫోటోలు తక్కువే. ఫోటో ఉంటే ఇంటికెళ్లాక దాన్ని చూసి వేస్తాం, మళ్లీ పాత దారిలోకే పోతాం.

కళ్లకన్నా ముందు చేయి

కళ్లు మూసుకుని రాయి మీద అరచేయి పెట్టి నెమ్మదిగా జరపండి. తగిలిన ప్రతిదానికీ నోట్‌బుక్‌లో ఒక తెలుగు మాట రాయండి. గరుకు, నునుపు, బరక, బొడిపె, పొక్కు, పెచ్చు, నెర్రె, గీర, గుంట, అంచు, పొడి, జిగట. ఇరవై మాటలు వచ్చేదాకా లేవకండి. మొదట ఆరేడు దగ్గర ఆగిపోతాం. తర్వాత మన నాయనమ్మలు వాడిన మాటలు ఒక్కొక్కటీ పైకొస్తాయి. నాకు పదమూడో మాటగా ‘అట్టగట్టింది’ వచ్చింది. మురికి పేరుకుని ఎండి పొరలా బిగుసుకున్నదాన్ని మా ఇంట్లో అలాగే అనేవాళ్లు. తర్వాత నేను వేసిన మూడు బోర్డులు ఆ ఒక్క మాటలోంచి వచ్చాయి.

నా గుండు మీద ఏం చూశానో కొంచెం చెప్తాను, మీకు దేని కోసం చూడాలో తెలుస్తుంది. దూరం నుంచి అది బూడిద రంగు. దగ్గరికెళ్తే అందులో లేత గులాబీ పలుకులు, గాజు ముక్కల్లాంటి తెల్లవి, మిరియాల పొడి చల్లినట్టు నల్లవి, అక్కడక్కడ తళుక్కుమనే అభ్రకం. పైనుంచి కిందకి నల్లటి చారలు. వాననీరు ఎక్కువసేపు తడిగా ఉంచే దారుల్లో నాచు జాతివి పెరిగి ఎండి ఆ నలుపు వస్తుంది. పక్కన నాణెమంత మచ్చలు, లేత ఆకుపచ్చ, అంచులు కొంచెం తెల్లగా. అవి రాతిపువ్వు జాతివి. మన మసాలా దినుసుల్లో వాడేదాని చుట్టాలే. ఒకచోట వేలి మెటికతో కొడితే డొల్ల మోత వచ్చింది. లోపల పొర విడిపోయిందన్నమాట. గ్రానైట్ ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఊడుతుంది. ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ ఊడిన పొర అంచు అంగుళం మందాన ఉంది, కింద కొత్త రాయి లేత రంగులో, తడిలేని గాయంలా ఉంది. దాని సందులోంచి చీమల బారు.

మూడో రోజు నుంచి సామాను పట్టుకెళ్లండి. పల్చటి కాగితం రాయి మీద పరిచి, మైనపు క్రేయాన్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దితే గరుకంతా కాగితం మీదకి వస్తుంది. పిల్లల ఆటమట్టి ముద్దని రాతికి నొక్కి తీస్తే అచ్చు పడుతుంది. అది ఇంట్లో టేబుల్ మీద నెలంతా పనికొస్తుంది. రంగుల కోసం చిన్న అక్రిలిక్ ట్యూబులు, కాగితపు పట్టీలు తీసుకెళ్లి అక్కడే కలిపి, పట్టీని రాయికి ఆనించి సరిపోల్చండి. ఐదారు పట్టీలు చాలు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. అక్కడినుంచి మట్టి, పెచ్చులు, రాతిపువ్వు ఇంటికి తేవద్దు. ఎర్రమట్టి దిబ్బలు, హైదరాబాద్‌లోని కె.బి.ఆర్. పార్కు లాంటివి రక్షిత ప్రాంతాలు. అక్కడ పిడికెడు కూడా తీయకూడదు. రక్షణ లేని చోట కూడా, అరచేతంత రాతిపువ్వు పెరగడానికి ఏళ్లు పడుతుంది.

ఏం జరిగిందో రాసుకోండి

ఏడో రోజు బొమ్మ గీయకండి. నోట్‌బుక్‌లో ‘ఈ రాయికి ఏం జరిగింది?’ అని రాసి, కింద క్రియలు రాయండి. పేరుకుంది, పగిలింది, ఊడింది, కారింది, అరిగింది, మచ్చ పడింది. నాకు వచ్చినవి ఈ ఆరు. మీ వేపచెట్టుకి ‘ఉబ్బింది’, ‘జిగురు కారింది’ అని రావచ్చు. చెరువు అడుగుకి ‘ముడుచుకుంది’ అని రావచ్చు. ముందు ముందు చేయబోయే పనంతా ఈ క్రియలతోనే.

సామాను

ఇక్కడ తొందరపడితే తర్వాత ఏడవాలి, అందుకే వివరంగా చెప్తున్నాను.

కాన్వాస్ వద్దు, గట్టి బోర్డు కావాలి. కాన్వాస్ వదులుగా ఊగుతుంది. దాని మీద మందమైన ముద్ద ఎండాక ఊగితే విరిగి రాలుతుంది. పరీక్ష ముక్కలకి 6 ఎం.ఎం. ప్లైవుడ్, పెద్దదానికి 12 ఎం.ఎం. చాలు. ఎం.డి.ఎఫ్., అంటే చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు, అయినా ఫర్వాలేదు కానీ దానికి తేమ పడదు. ఏదైనా ముందూ వెనకా అంచులూ మొత్తం ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, రెండు కోట్లు వేయండి. ఒక వైపే వేస్తే బోర్డు వంగుతుంది.

ముద్దకి రెండు దారులు. ఆర్ట్ షాపులో మోడలింగ్ పేస్ట్ అని డబ్బాలో దొరుకుతుంది, మంచిదే, ఖరీదు ఎక్కువ. నేను ఇంట్లో కలుపుకుంటాను. ఒక గ్లాసు తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ లాంటిది, అర గ్లాసు తెల్ల అక్రిలిక్ ప్రైమర్, రెండున్నర నుంచి మూడు గ్లాసులు జల్లించిన మార్బుల్ పొడి. పొడిని కొంచెం కొంచెంగా వేస్తూ గారెల పిండి అంత గట్టిగా వచ్చేదాకా కలపండి. గరిటె ఎత్తితే జారకూడదు, కొన నిలబడాలి. దోసెల పిండిలా ఉంటే ఎండేటప్పుడు కుంగిపోయి గీతలన్నీ మాయమవుతాయి. మార్బుల్ పొడి దొరక్కపోతే రాతి ముగ్గు పిండి సన్న జల్లెడ పట్టి వాడొచ్చు. సున్నం కలిసిన ముగ్గు మాత్రం వద్దు, దాని ఘాటుకి కొన్ని రంగులు వెలిసిపోతాయి. పొడి కలిపేటప్పుడు, తర్వాత ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఈ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

బార్సిలోనా చిత్రకారుడు ఆంతోనీ తాపియెస్ కూడా రంగులో మార్బుల్ పొడి, ఇసక కలిపి గోడల్లాంటి చిత్రాలు చేశాడు. విచిత్రం ఏమిటంటే వాళ్ల కటలాన్ భాషలో ఆయన ఇంటిపేరుకి అర్థం కూడా గోడలనే.

పగుళ్ల కోసం వేరేగా కొంచెం లప్పం, అదే వాల్ పుట్టీ, తెచ్చుకోండి. మిగతావి ఇంట్లోనే ఉంటాయి. చిన్న తాపీ లేదా పాలెట్ నైఫ్, పాత దువ్వెన, కొబ్బరి పీచు, గోనె ముక్క, పాత నూలు గుడ్డ, నీళ్లు చిమ్మే సీసా, 120 నంబరు ఉప్పు కాగితం.

ఇసక కలపాలనుకుంటే నది ఇసక తెచ్చి, నీళ్లు తేటగా వచ్చేదాకా ఐదారుసార్లు కడిగి, ఎండబెట్టి వాడండి. నేను ఒకసారి సముద్రపు ఒడ్డు ఇసక కడగకుండా కలిపాను. ఎండాకాలమంతా బోర్డు బ్రహ్మాండంగా ఉంది. స్నేహితురాలి ఇంటి హాల్లో పెట్టారు. శ్రావణం వచ్చేసరికి ఆ ఇసకలోని ఉప్పు తేమ పీల్చుకుని, రంగు మీద తెల్లగా పూత పట్టింది. అంచుల్లో పొర ఉబ్బి లేచింది. దాన్ని వెనక్కి తెచ్చుకుని మొత్తం గీకేశాను.

రెండో వారం: ఆరు పరీక్ష ముక్కలు

ఐదంగుళాల చదరం ముక్కలు ఆరు కోయించండి. ఒక్కో ముక్క మీద ఒక్క క్రియ మాత్రమే. బాగుండాలన్న టెన్షన్ వద్దు, ఇవి గోడకి పెట్టేవి కావు. నిజం చెప్పాలంటే నాకు ఈ పనంతటిలో ఎక్కువ ఇష్టమైన వారం ఇదే.

పేరుకోవడం. తాపీతో పల్చగా ఒక పొర లాగండి. మరుసటిరోజు దాని మీద ఇంకో పొర, కానీ మొదటిదాని అంచు కనిపించేలా కొంచెం వెనక్కి. మూడో రోజు ఇంకా వెనక్కి. ఒక్కో పొర 3 ఎం.ఎం. మించొద్దు. ఒకేసారి మందంగా వేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

పగలడం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉండండి. ముక్క మీద జిగురు పూసి, కొంచెం ఆరాక లప్పం 4, 5 ఎం.ఎం. మందాన వేసి ఫ్యాను కింద పెట్టండి. నీరు ఆవిరై లప్పం ముడుచుకోవాలని చూస్తుంది. అడుగున అంటుకుని ఉండటంతో కదలలేక పగులుతుంది. చెరువు అడుగున జరిగేదీ ఇదే. మందం ఎక్కువైతే పెద్ద పెద్ద పలకలుగా, తక్కువైతే సన్నటి వలలా పగులుతుంది. ఒకే ముక్కలో ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా వేసి తేడా చూడండి. ఇటలీకి చెందిన అల్బెర్తో బుర్రి 1970ల్లో ఈ పగుళ్లతోనే ఒక చిత్రాల వరుస చేశాడు. తెల్లబంకమట్టిలో మన తెల్ల జిగురులాంటిదే కలిపి ఆరబెట్టి, పగులు కావాల్సినంత వచ్చాక జిగురు పోసి ఆపేవాడు. మీరూ అదే చేయండి. ఒక వంతు జిగురుకి మూడు వంతుల నీళ్లు కలిపి, పూర్తిగా ఎండిన పగుళ్లలోకి చుక్కలుగా వదలండి. లేకపోతే ఏడాది తిరక్కుండా పెచ్చులు చేతికొస్తాయి.

ఊడటం. ముద్ద రాసి ముప్పావుగంట ఆగండి. వేలితో తాకితే అంటుకోకుండా, నొక్కితే దిగేలా ఉన్నప్పుడు పాత న్యూస్ పేపర్ లేదా నూలు గుడ్డ పరిచి అరచేత్తో అద్ది, ఒక మూల నుంచి లాగండి. కొంత లేచి వస్తుంది, కొంత ఉండిపోతుంది. ఆ అంచులు మనం కావాలని గీస్తే రావు.

కారడం. ఎండిన పొర ఉన్న ముక్కని గోడకి నిలబెట్టి, పై అంచున నీళ్లలాంటి ముదురు రంగు వదిలి, సీసాతో నీళ్లు చిమ్మండి. రంగు ఎత్తుపల్లాలు చూసుకుని తన దారి తను వెతుక్కుంటుంది. కుంచె పెట్టి దిద్దకండి.

అరగడానికి, ఒక రంగు మీద ఇంకో రంగు వేసి రెండూ ఎండాక ఉప్పు కాగితంతో రుద్దండి. మచ్చలకి, కొబ్బరి పీచుని చిక్కటి లేత రంగులో ముంచి, కాగితం మీద ఒకసారి అద్ది, తర్వాత ముక్క మీద అద్దండి. ఈ రెండూ పది నిమిషాల్లో వచ్చేస్తాయి.

ఆరూ ఎండాక వరుసగా పెట్టి, చీకట్లో టార్చి పక్కనుంచి వేసి చూడండి. ఏది చూస్తే మీకు మళ్లీ చేయాలనిపిస్తోందో దాన్ని పక్కన పెట్టండి. అదే మీ పెద్ద బోర్డుకి ప్రధాన క్రియ. ఇంకోటి తోడుగా తీసుకోండి. ఆరూ ఒకే బోర్డు మీద పెడితే సంత అవుతుంది.

మూడో వారం: పెద్ద బోర్డు

రెండడుగుల చదరం మంచి కొలత. చేయి మోచేతి దాకా కదులుతుంది, ఇంట్లో తిప్పుకోవడమూ తేలిక.

రెండు వంతులు నెమ్మదిగా ఉండాలి, ఒక వంతులోనే అలజడి. ఇది నేను గుండు దగ్గరే నేర్చుకున్నాను. అంత పెద్ద రాయి మీద ఊడిన పొర ఒక్కచోటే ఉంది. చుట్టూ నిశ్శబ్దంగా ఉండబట్టే నా చూపు అక్కడికి పోయింది. బొగ్గుతో బోర్డు మీద ఒకట్రెండు గీతలు మాత్రం గీసి, అలజడి ఎక్కడ రావాలో గుర్తు పెట్టుకోండి.

మొదటి రోజు బోర్డంతా పల్చటి పొర, పెద్ద పెద్ద చేతి ఊపులతో. మన ఇళ్లలో అమ్మమ్మలు పేడతో వాకిలి అలికినట్టు, భుజం నుంచి. రెండో రోజు అలజడి చోట మాత్రమే రెండో పొర, అందులో మీ ప్రధాన క్రియ. మూడో రోజు ఏమీ చేయకండి. నిజంగా ఏమీ. ఎండాకాలం ఒక్కో పొరకి ఒక రోజు, వానాకాలం రెండు రోజులు ఆగాలి. పొర మీద చేయి పెడితే చల్లగా అనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. నాలుగో రోజు చూసి, అవసరమైతే ఇంకో పొర. ఎక్కడైనా మరీ ఎక్కువైందనిపిస్తే తాపీ అంచుతో గీకేయండి. గీకిన జాడ కూడా బొమ్మలో భాగమే.

పూర్తిగా ఎండాక రంగులు వేసే ముందు, ఒక వంతు జిగురుకి నాలుగు వంతుల నీళ్లు కలిపి మొత్తం ఒకసారి పూయండి. ఇది చేయకపోతే లప్పం, పొడి ముద్ద రంగుని స్పాంజిలా తాగేస్తాయి, మొత్తం చచ్చుబడ్డ రంగులో తేలుతుంది.

రంగులు

ట్యూబులో నలుపు కొనకండి. బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ కలిపితే వచ్చే ముదురు రంగుకి ప్రాణం ఉంటుంది. అటు కొంచెం నీలం ఎక్కువైతే వానాకాలపు రాయి, ఇటు గోధుమ ఎక్కువైతే మే నెల రాయి. వాటికి తోడు బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, తెలుపు. ఐదు రంగులు చాలు. మీరు రాయి దగ్గర చేసుకున్న పట్టీలు ఎదురుగా పెట్టుకోండి.

ముందు ముదురు రంగుని నీళ్లలా చేసి బోర్డంతా పూయండి. రెండు నిమిషాలాగి తడి గుడ్డతో తుడవండి. ఎత్తుల మీద పోతుంది, గుంటల్లో నిలుస్తుంది. ఆ క్షణంలో, ఇన్ని రోజులూ తెల్లగా శవంలా పడున్న బోర్డు ఒక్కసారి కళ్లు తెరుస్తుంది. ఇప్పటికీ నాకు అక్కడ ఒళ్లు జలదరిస్తుంది. ఎండాక ఇంకో పల్చటి పొర వేరే రంగుతో, మళ్లీ తుడుపు. ఇలా మూడు నాలుగుసార్లు. ఒక్కో పొరా కిందిదాన్ని పూర్తిగా కప్పకూడదు. చివర్లో కుంచెలో దాదాపు రంగు లేకుండా, పొడిగా, లేత రంగుతో బోర్డుకి అడ్డంగా మెల్లగా లాగండి. బొడిపెల కొనలకి మాత్రమే అంటుతుంది. పొద్దుటి ఎండ పడ్డట్టు ఉంటుంది. ఇది తక్కువగా చేయండి. ఎక్కువైతే పండగకి వేసిన పెయింటులా అయిపోతుంది.

ఎప్పుడు ఆపాలి

చాలామంది బొమ్మ బాగున్న దశ దాటేసి ఇంకా వేస్తూనే ఉంటారు. నైరూప్య చిత్రకారుడు వి.ఎస్. గాయ్‌తోండే రోలర్లూ పాలెట్ నైఫూ పట్టుకుని పొరలు వేసి, తీసి, మళ్లీ వేసి, ఏడాదికి ఐదారు చిత్రాలు మాత్రమే చేసేవారట. మిగతా కాలమంతా చూడటమే. మనమూ కాస్త కూర్చుని చూద్దాం.

బోర్డుని నాలుగు వైపులా తిప్పి, ఒక్కో వైపూ ఒక పూట ఉంచండి. ఏ వైపు నిలబెట్టినా ఒకే మూలకి కన్ను పోతుంటే, ఆ మూల అలజడి సరిగ్గా కూర్చున్నట్టు. తర్వాత రెండు రోజులు గోడ వైపు తిప్పి పెట్టేయండి. తిరిగి చూసినప్పుడు చేయి దురద పెట్టిన చోటు ఒక్కటే ఉంటే అది సరిచేయండి. నాలుగు చోట్లు కనిపిస్తే ఏదీ ముట్టుకోకండి, ఇంకో రెండు రోజులు ఆగండి.

ఇంట్లోవాళ్లు ‘ఇదేంటి?’ అని అడుగుతారు. దానికి సమాధానం తయారుగా పెట్టుకోకండి. నా మొదటి బోర్డు చూసి మా మేనత్త ‘ఏంట్రా ఇది?’ అంది. ‘మీకేమనిపిస్తోంది అత్తయ్యా?’ అన్నాను. దగ్గరికొచ్చి వేలితో తడిమింది. ‘మనింట్లో దాలి పక్క గోడలా ఉంది. పొగచూరి, పెచ్చులూడి. ఇదిగో, ఇక్కడ మీ తాత కర్ర ఆనించేవాడు’ అంది. నేను ఆ దాలి, అంటే పాలు కాగబెట్టే పిడకల పొయ్యి, చూడలేదు, నేను పుట్టకముందే ఆ ఇల్లు పడిపోయింది. అంతకుముందు తొమ్మిదేళ్లలో నేను వేసిన ఏ ముఖాన్నీ ఆవిడ తడిమి చూడలేదు.

ముగింపు పూత, వేలాడదీయడం

మ్యాట్ అక్రిలిక్ వార్నిష్ పల్చగా రెండు కోట్లు. మెరిసే వార్నిష్ వేస్తే గుంటలన్నీ మెరిసి గరుకు కనిపించదు. ఎదురుగా లైటు కాకుండా పక్కనుంచో పైనుంచో వెలుగు పడేలా గోడ ఎంచుకోండి. కిటికీ పక్క గోడ అయితే పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. బాత్రూమ్ గోడకి, వాన చెమ్మ దిగే గోడకి వద్దు. దుమ్ము దులపడానికి మెత్తటి కుంచె, తడి గుడ్డ కాదు. బోర్డు వెనక తేదీ, చోటు, ఆ వారం మీరు రాసుకున్న క్రియ రాసి పెట్టండి.

తర్వాత

మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడ్డాక ఒకసారి మళ్లీ అదే రాయి దగ్గరికి వెళ్లండి. తడిసిన గ్రానైట్ రంగు రెండింతలు ముదురుతుంది, గులాబీ పలుకులు ఎర్రబడతాయి. వేసవిలో ఎండి నల్లగా కనిపించిన చారల్లో నిజంగా నీళ్లు పారుతుంటాయి. అప్పటిదాకా చచ్చిందనుకున్న మచ్చ రాత్రికి రాత్రి పచ్చబడుతుంది. పల్చటి కాగితం ఆ తడికి పనికిరాదు, ఆటమట్టి, రంగు పట్టీలు మాత్రం తీసుకెళ్లండి. గొడుగు కింద కూర్చుని మళ్లీ ఇరవై మాటలు రాయండి. పాత జాబితా తెరవకండి. ఈసారి పరీక్ష ముక్కల్లో కారడంతో మొదలుపెట్టండి.